సి-పిన్ను శాసనము

ఐరోపా సమాఖ్యలో విక్రయింపబడు క్రొత్త చేతిఫోనులన్నిటికిని యూఎస్‌బీ సి-పిన్ను ఉండి తీరవలయునను శాసనము 2024 డిసెంబరు 28వ తేదినుండి అమలులోనికి వచ్చినది. లాప్‌టాపు కంప్యూటర్లకు 2026 ఏప్రిలు 28వ తేదిని గడువుగా నిర్ణయించిరి. పిన్నులకు సైతము శాసనములా యని కొందఱు నవ్వవచ్చును. మేము నవ్వజాలము. ఇరువదేండ్ల క్రిందట సన్నపిన్ను, లావుపిన్ను అనుచు ఛార్జరుల కొఱకు ఇరుగుపొరుగు గడపలు త్రొక్కని గృహస్థు లేడు. ఒకరి తీగ మఱియొకరికి పనికిరాకుండుటయే వర్తకుని లాభము.

స్వేచ్ఛావాణిజ్యమే ఉత్తమమైన దానిని నిలబెట్టునని వాదించువారు గలరు. చరిత్ర వేఱుగా చెప్పుచున్నది. 1995లో ప్రమాణముగా అంగీకరింపబడిన ఫైర్‌వైరు సెకనునకు 400 మెగాబిట్లు పంపగలిగెడిది. మఱుసటి యేట వెలువడిన యూఎస్‌బీ 12 మెగాబిట్లకు మించలేదు. అయినను ఓడినది ఫైర్‌వైరే. దానికి రుసుము చెల్లింపవలసి యుండెను; యూఎస్‌బీని రుసుము లేకుండ పంచిరి. దాని రూపకర్తలలో ముఖ్యుడు బరోడాలో చదివిన అజయ్ భట్టుగారని తలచుకొనుట మాకొక ముచ్చట. తీగలేని బ్లూటూతు కథయు నిట్టిదే. 1998లో ఎరిక్సన్, నోకియా, ఐబీఎం, ఇంటెల్, తోషిబా సంస్థలు స్పర్ధను ప్రక్కనబెట్టి కూటమిగా చేరుటచేతనే, పదవ శతాబ్దపు డెన్మార్కు రాజుగారి మాఱుపేరు నేడు మన పొలము గట్లమీదను వినవచ్చుచున్నది.

యజమాని పంచుకొననొల్లనిచో నేమి గతి? 2009లో ఐరోపాయందు ఫోను సంస్థలు మైక్రో యూఎస్‌బీకి స్వచ్ఛందముగా మాట యిచ్చినవి. ఆపిల్ సంస్థయు సంతకము చేసెను. కాని ఆ యొప్పందమున సందులుండెను. 2012లో ఆ సంస్థ లైట్నింగ్ అను సొంత పిన్నును తెచ్చి, పదునొకండేండ్లు ఐఫోనులకు దానినే తగిలించినది. 2022లో శాసనము ఆమోదింపబడిన పిమ్మటనే, 2023 సెప్టెంబరులో, ఐఫోను సి-పిన్నునకు దిగివచ్చెను.

శాసనము నూతన కల్పనలకు అడ్డగునను ఆపిల్ వాదము త్రోసివేయదగినది కాదు. నాటి ఒప్పందమే కఠినశాసనమై యుండినచో మైక్రో పిన్నే మన మెడకు తగులుకొని యుండెడిదేమో! కావున నిర్ణీతకాలమునకొకసారి పునఃపరిశీలన ఉండవలెను. అంతమాత్రమున అరాజకము మేలని మేమొప్పుకొనము.

మన దేశమున భారతీయ ప్రమాణముల సంస్థ 2023 జనవరిలోనే సి-పిన్నునకు ప్రమాణమును ప్రకటించినది. ప్రమాణమును ప్రకటించుట వేఱు, దానికి లోబడని సరకును అంగడినుండి తొలగించుట వేఱు. ఈ రెండవ పనికి ప్రభుత్వము పూనుకొనవలయునని కోరుచున్నాము. మఱియొక మోసమును గూడ అరికట్టవలసియున్నది. సి-పిన్ను తీగలన్నియు చూపునకు ఒక్కటే. వానిలో 60 వాట్లకు మించి మోయనివి గలవు, 240 వాట్లు మోయునవి గలవు. కొన్నిటి వేగము 480 మెగాబిట్లే. ఈ యంకెలను తీగపైననే, కొనువాడు చదువగల అక్షరములలో, విధిగా ముద్రింపజేయవలెను.