దూడ చావుకు లెక్క ఎక్కడ?

కృష్ణ పొంగినప్పుడు కొట్టుకుపోయిన గేదెను అధికారులు రాసుకుంటారు. నీరు తీసిన ఇరవై రోజులకు తడి పాకలో రక్తం పారి చచ్చిన దూడను ఎవరూ రాసుకోరు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగి దివిసీమ లంకల్ని ముంచింది. అటు గుడివాడ వైపు నందివాడ మండలంలో బుడమేరు నీరు రోజుల తరబడి నిలిచింది. పంట నష్టం మీద గట్టిగానే అడిగాం. దూడల సంగతి మనమూ అడగలేదు. ఆ తప్పులో సంఘానికీ వాటా ఉంది.

ఆ జబ్బు పేరు కాక్సీడియోసిస్. వాడుకలో రక్తపారుడు. ఐమీరియా అనే ఏకకణ జీవి పేగు గోడలో చేరి దాన్ని తెస్తుంది. జబ్బు దూడ పేడలో దీని తిత్తులు లక్షల్లో పడతాయి. తడి, వెచ్చదనం ఉంటే రెండు మూడు రోజుల్లో అంటించే దశకు వస్తాయి, తడి నేలలో నెలల తరబడి బతుకుతాయి. వానాకాలం మన డెల్టాలో తడికి కొదవేముంది? మేతతోనో, పేడంటిన పొదుగు చీకినప్పుడో నోట్లోకి పోతే జబ్బు బయటపడడానికి రెండు మూడు వారాలు పడుతుంది. అందుకే వరదకూ ఆ చావుకూ ముడి వేసేవాడు లేడు. పెద్ద గేదెలు తట్టుకుంటాయి, పైకి బాగానే ఉండి పేడలో కొద్దికొద్దిగా వదులుతుంటాయి. మూడు వారాలు దాటి ఆరు నెలల లోపు దూడలే ఎక్కువగా బలి.

దూడ పారుకుంటే పాలెక్కువ తాగిందంటాం, కాకపోతే ఏలికపాములంటాం. నట్టల మందు పోస్తాం. ఏలికపాములు నిజంగానే ఉంటాయి, ఆ మందు మానమనడం లేదు. కానీ అది ఈ జీవి జోలికి పోదు. మూడు రోజులు చూద్దామనుకునేలోగా పేడలో రక్తం, జిగట. దూడ తోకెత్తి ముక్కుతుంది, కళ్లు లోపలికి పోతాయి. మాలో కొందరి పాకల్లోనూ ఇదే జరిగింది. సల్ఫా మందులు, ఆంప్రోలియం దీనికి ఉన్నాయి. తొలి రోజుల్లో, డాక్టరు చెప్పిన మోతాదులో పడితేనే ఫలితం. ఆంప్రోలియం మితిమీరితే బి1 విటమిను లోపం వస్తుంది, కొట్లో అడిగి తెచ్చి పోయకండి.

పాకలో తిరిగే నాటుకోళ్ల వల్ల వచ్చిందని వాటిని తరిమేవాళ్లున్నారు. కోడి రక్తపారుడు తెచ్చే ఐమీరియా వేరు, గొర్రెది వేరు, దూడది వేరు. ఒకదానిది ఇంకోదానికి అంటదు. పాపం, కోడి మీద కోపం దేనికి?

బ్లీచింగు, ఫినాయిలు చల్లి ఊరుకుంటే ఇది చావదు. ఎండకు, ఆరుదలకు, సలసల కాగే నీటికి చస్తుంది. దూడల్ని పెద్ద గొడ్లతో కలపకుండా మెరక మీద కట్టి, ఆరిన వరిగడ్డి పరచి, పేడ రోజూ తీసి, పొదుగు కడిగాకే పాలకు వదలాలి. మెరక ఎక్కడుందని మచిలీపట్నం పల్లపు ఊళ్ల రైతు అడిగితే మన దగ్గర జవాబు లేదు. కౌలు రైతుకైతే పాక వేసుకునే జాగా కూడా పరాయిదే.

అందుకే ప్రభుత్వాన్ని అడుగుతున్నాం. పేడ పరీక్షకు మైక్రోస్కోపు, అది చూడగలిగే మనిషి చాలు. 2022 నుంచి 1962 నంబరుకు పలికే సంచార పశువైద్య వాహనాలున్నాయి, గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. వరద తీసిన రెండో వారంలో ముంపు గ్రామాలన్నిటా దూడల పేడ పరీక్ష శిబిరాలు పెట్టాలి. పంటు దాటితేగాని చేరలేని ఎదురుమొండి లాంటి దీవులకు పడవ మీదైనా రావాలి. నీరు తీసిన నెల రోజుల్లో రక్తపారుడుతో చచ్చిన దూడను వరద నష్టంలో చేర్చాలి.

ఈ నెల మండల పశువైద్యాధికారులకు వినతిపత్రాలు ఇస్తున్నాం. మీ పాకలో దూడ చచ్చి ఉంటే దాని వయసు, చచ్చిన తేదీ, కనిపించిన లక్షణాలు, పాకలో నీరెన్ని రోజులు నిలిచిందీ రాసి గ్రామ కమిటీకి ఇవ్వండి. ఇప్పుడు పారుకుంటున్న దూడ ఉంటే తాజా పేడ శుభ్రమైన డబ్బాలో పెట్టి, ఆ రోజే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి.