బిడ్డ బరువు నడుము మోయాలి

బేతంచెర్లలో చంటిబిడ్డ తల్లికి బిడ్డను కూర్చోబెట్టి తోసే బండి కొనివ్వాలనుకునే వాళ్లు ఆ డబ్బు వేరేదానికి వాడడం మేలు. పాలిష్ ఫ్యాక్టరీల ముందు నాపబండల దొంతులు, లారీలు తిరిగి గుంతలు పడిన దారులు. వీటి మధ్య ఆ చిన్న చక్రాలు ఎంతదూరం పోతాయి? ఇక్కడ బిడ్డ తల్లి ఒంటిమీదే ఉండాలి. అందుకే ఒంటికి కట్టుకునే బేబీ క్యారియర్ ఎలాంటిది కొనాలన్నది పట్నపు షోకు అనుకోవద్దు. ఆ అవసరం మాకే ఎక్కువ.

నేను కుట్టుపని చేసి బతికేదాన్ని. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న క్యారియర్లు పట్టుకొచ్చి పట్టీ మార్చమనీ, వదులు చేయమనీ అడుగుతుంటారు. చాలావాటిలో ఒకటే లోపం కనిపిస్తుంది. బిడ్డ కూర్చునేచోట బట్ట అరచేయంత వెడల్పే ఉంటుంది. కాళ్లు నిలువునా వేలాడతాయి, బరువంతా తొడల సందున పడుతుంది. ఆ బట్ట ఒక మోకాలి వెనక నుంచి రెండో మోకాలి వెనక దాకా రావాలి. అప్పుడే మోకాళ్లు పిర్రల కన్నా కాస్త పైకి లేచి, కాళ్లు ఎడంగా, కప్ప కూర్చున్నట్టు ఉంటాయి. తొలి నెలల్లో తుంటి కీలు ఇంకా గట్టిపడి ఉండదు కనుక ఎముకల డాక్టర్లు ఆ కూర్చోబెట్టే తీరే మంచిదంటారు. మా అవ్వలు బిడ్డను చంకనేసుకుంటే కాళ్లు నడుముకు ముందొకటి, వెనకొకటి పడేవి. వాళ్లకు ఏ డాక్టరూ చెప్పలేదు. కాళ్లు చాపి బిగించి చుట్టే అలవాటున్న చోట్ల తుంటి జారిన పిల్లలు ఎక్కువనీ, ఇలా ఎడంగా ఎత్తుకునే చోట్ల తక్కువనీ తర్వాత వైద్యులే గమనించారు.

చంకతో కష్టమంతా తల్లికే. ఆరునెలల బిడ్డ ఏడెనిమిది కిలోలుంటుంది. ఆ బరువుకు ఒకపక్క నడుము వంగిపోతుంది, ఒక చేయి పూర్తిగా బిడ్డకే పోతుంది. బట్టలో కట్టుకోవడం మనకు కొత్త కాదు. శ్రీనివాస కల్యాణ కథలో స్వామి ఎరుకలసాని వేషం కడితే బ్రహ్మదేవుడే ఆమె చంటిబిడ్డయ్యాడు. ఇప్పుడు బజారులో దొరికే రకం కూడా పల్లెటూరి తల్లుల నుంచి వచ్చిందే. 1960ల్లో అమెరికా పీస్ కోర్ తరఫున ఆఫ్రికాలోని టోగోకు వెళ్లిన యాన్ మూర్ అనే నర్సు, అక్కడి ఆడవాళ్లు బిడ్డను వీపుకు కట్టుకొని పనులు చేసుకోవడం చూసింది. తనకు బిడ్డ పుట్టాక తల్లి సాయంతో అలాంటిది కుట్టించుకుంది. 1969లో పేటెంటు తీసుకున్న ఆ ‘స్నగ్లి’ తర్వాత ఎన్నెన్నో కంపెనీలు వచ్చాయి.

వచ్చిన చిక్కల్లా ఎండతోనే. చలిదేశాల కోసం స్పాంజి, పాలిస్టర్ కూరిన క్యారియర్‌ను ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటే మా ఊళ్లో కట్టుకుంటే తల్లీ బిడ్డా ఇద్దరూ ఉడికిపోతారు. కొనేముందు లోపలి బట్ట చేత్తో పట్టి చూడండి. ఒక పొర నూలుబట్ట చాలు, కుట్లు మాత్రం గట్టిగా ఉండాలి. పట్టీ అతికినచోట చదరంగా కుట్టి, మధ్యలో ఇంటూ గుర్తులా రెండు గీతలు దాటించి ఉందా అని చూడండి. ఒకే వరుస కుట్టుంటే తిప్పి పంపేయండి. మా జిల్లా పక్కనే ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో పెట్టిన చేనేత సహకార సంఘం దుప్పట్లకు పేరుపడింది. ఒత్తుగా ఉండి గాలాడే ఆ నూలుబట్టతో క్యారియర్లు కుట్టించి ఆప్కో దుకాణాల్లో ఎందుకు పెట్టరు? నేతగాళ్లకు పనీ, తల్లులకు చల్లదనమూ దొరుకుతాయి. ఈ మాట నేను మనస్ఫూర్తిగా అడుగుతున్నా.

ఇక తల్లి సుఖం. నడుము పట్టీ వెడల్పుగా ఉండి తుంటి ఎముకల మీద కూర్చోవాలి, కడుపు మీద కాదు. దాన్ని ముందు బిగించి, భుజం పట్టీలు తర్వాత సర్దుకోవాలి. సరిగ్గా కుదిరితే భుజాలు తేలికవుతాయి. మెడ లాగుతుంటే ఆ క్యారియర్ మీకు పనికిరాదు, ఎంత ఖరీదుదైనా సరే. వీలైతే బిడ్డను వేసుకొనే చూడండి. కూర్చోండి, లేవండి, మోకాళ్లు వంచి నేలమీది బిందె అందుకోండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ప్రసవాల్లో 42 శాతం సిజేరియన్లే. కుట్ల మీద పట్టీ ఒరుసుకుంటే నరకం. పుండు మానేదాకా ఆగి, డాక్టరును అడిగి కట్టుకోవాలి.

నాలుగు నెలలు నిండని బిడ్డ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. సంచిలా వేలాడే స్లింగుల్లో బిడ్డ గడ్డం గుండెకు ఆనుకుంటే ఊపిరాడదు, ఏడవను కూడా ఏడవలేదు. స్లింగులతో ఇరవై ఏళ్లలో కనీసం 14 మంది పసివాళ్లు చనిపోయారనీ, వాళ్లలో 12 మంది నాలుగు నెలల లోపు వాళ్లేననీ 2010 మార్చిలో అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ హెచ్చరించింది. బిడ్డ ముఖం ఎప్పుడూ మీకు కనబడాలి, తలవంచితే నుదురు ముద్దుకు అందాలి. మద్దిలేటి స్వామి దర్శనానికి బిడ్డను క్యారియర్‌లో కట్టుకొని బైకు వెనక కూర్చునే తల్లులను చూస్తే నా గుండె ఝల్లుమంటుంది. నాలుగేళ్ల లోపు పిల్లలకు బైకు మీద సేఫ్టీ హార్నెస్ ఉండాలనీ, వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదనీ 2022లో కేంద్రం నిబంధన తెచ్చింది. బేబీ క్యారియర్ ఆ హార్నెస్ కాదు.

పొయ్యి దగ్గర, నూనె మరిగేచోట క్యారియర్ వద్దేవద్దు. అంతకన్నా ముఖ్యమైన మాట ఇంకోటుంది. రెండు చేతులూ ఖాళీ అయ్యాయి కదా అని బిడ్డతోనే బండల పనికి రమ్మనే రోజు రాకూడదు. పాలిష్ మిషన్ల చప్పుడు, రాతిదుమ్ము పసి ఊపిరితిత్తులకు తగవు. ముప్పైమందికి పైగా ఆడవాళ్లు పనిచేస్తే పిల్లల గది ఉండాలని పాత 1948 ఫ్యాక్టరీల చట్టం చెప్పేది. యాభైమంది ఉద్యోగులుంటే క్రెష్ పెట్టాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోనివ్వాలనీ 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించారు. మా ఊళ్లో చిన్నచిన్న ఫ్యాక్టరీల్లో చాలావాటికి ఈ లెక్కలేవీ వర్తించవు. పదిమంది యజమానులు కలిసి దుమ్ముకు దూరంగా ఒక గది తీసుకొని ఒక ఆయాను పెడితే ఏ ఒక్కరికీ పెద్ద భారం కాదు. నగర పంచాయతీ ముందుకొచ్చి వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడాలి.