నమ్మకం లగ్గపోళ్లకు, లెక్క కెమెరాకు

సింగరేణిలో దసరాకు లాభాల వాటా, దీపావళికి బోనస్ చేతికొస్తాయి. శ్రీరాంపూర్, నస్పూర్ కాలనీల్లో ఆ డబ్బుతో కొనే వస్తువుల్లో ఇప్పుడు కెమెరా కూడా చేరింది. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య నేడు సుమారు 40 వేలకు పడిపోయింది. తండ్రి దిగిన గనిలో కొడుక్కి కొలువు దొరుకుతుందన్న భరోసా లేదు. అందుకే లగ్గాలు, బర్త్‌డేలు, ప్రీ వెడ్డింగ్ షూట్లు చాలామంది పిల్లలకు బతుకుదెరువయ్యాయి. వాళ్లకు కెమెరా సరదా వస్తువు కాదు, పనిముట్టు.

అయినా కొనే వేళకు 'మాది మొదటి నుంచీ కానన్', 'నికాన్ తప్ప ముట్టను', 'ఇప్పుడంతా సోనీనే అన్నా' అనే మాటలే ముందుకొస్తాయి. కంపెనీ పేరు మీది అభిమానంతో లక్షల రూపాయల నిర్ణయం తీసుకోవడం తప్పని నా గట్టి అభిప్రాయం. ఎందుకంటే ఆ కంపెనీలేవీ అభిమానంతో నడవలేదు.

కానన్ 1971లో తెచ్చిన, లెన్స్ బిగించే ఎఫ్‌డీ మౌంట్‌ను 1987లో పక్కన పెట్టి, ఈఓఎస్ కెమెరాలతో ఈఎఫ్ మౌంట్‌కు మారింది. ఆటోఫోకస్ కోసం లెన్స్‌లోనే మోటారు పెట్టాలి, బాడీకీ లెన్స్‌కూ మధ్య సంకేతాలు కరెంటుతోనే నడవాలి అన్నది దాని ఆలోచన. పాత లెన్సులు కొన్నవాళ్లు నొచ్చుకున్నా వెనక్కి తగ్గలేదు. 1985లో ఆటోఫోకస్ ఎస్ఎల్ఆర్‌తో సంచలనం రేపిన మినోల్టా, కోనికాతో కలిశాక 2006లో కెమెరాల వ్యాపారాన్నే వదిలేసింది. దాని 'ఏ' మౌంట్‌ను అందుకున్న సోనీ కూడా చివరికి 2021లో ఆ కెమెరాలు ఆపేసి తన 'ఈ' మౌంట్‌నే నమ్ముకుంది. 1959 నాటి ఎఫ్ మౌంట్‌ను దాదాపు అరవై ఏళ్లు కాపాడిన నికాన్ సైతం 2018లో జెడ్ మౌంట్‌కు వచ్చింది. దానితో ఇచ్చిన ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ మీద పాత ఏఎఫ్-డి లెన్సులకు ఆటోఫోకస్ పనిచేయదు. వీటిలో ఏదీ ద్రోహం కాదు. ఎవరి వ్యాపారం వాళ్లు చూసుకున్నారు. మన పిల్లలు కూడా తమ బతుకు లెక్క తాము చూసుకోవాలి.

ఆ లెక్క శ్రీరాంపూర్‌లో హైదరాబాద్‌లో ఉన్నట్టు ఉండదు. ఇక్కడ ఓపెన్‌కాస్ట్ ఉంది, బొగ్గు లారీలున్నాయి, గాలిలో దుమ్ము ఉంది. మిర్రర్‌లెస్ కెమెరాలో లెన్స్ తీస్తే చాలావాటిలో సెన్సార్ నేరుగా గాలికి తెరుచుకుంటుంది. కెమెరా ఆపగానే షట్టర్ మూసుకునే ఏర్పాటు 2018 నాటి కానన్ ఈఓఎస్ ఆర్‌లో ఉంది. సోనీ ఏ7 ఫోర్‌లోనూ ఆ సెట్టింగ్ ఉంది. ఈ ఏర్పాటు ఉందా అన్నది ఇక్కడ పనిచేసేవాడు పేరు కంటే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న.

రెండోది, తోటివాళ్ల చేతుల్లో ఏముందన్నది. ముహూర్తాల సీజన్‌లో ఒక్క లగ్గానికే ఫొటోకు ఒకరు, క్యాండిడ్‌కు ఒకరు, వీడియోకు ఒకరు కావాలి. ముగ్గురిదీ ఒకే మౌంట్ అయితే లెన్స్ చేతులు మారుతుంది, ఎడిటింగ్‌లో రంగులు కలపడం తేలికవుతుంది. బరాత్ మధ్యలో ఒకరి బాడీ మొరాయిస్తే పక్కవాడి స్పేర్ బాడీ ఆదుకుంటుంది. రిపేరుకు హైదరాబాద్ వెళ్లాలంటే సుమారు 250 కిలోమీటర్లు. వెళ్లి రావడానికి పోయిన రోజు ఒక ఆర్డర్ పోయినట్టే. బిల్లూ వారంటీ లేని గ్రే మార్కెట్ సరుకు చవకని తెచ్చుకుంటే ఆ కష్టం రెట్టింపవుతుంది.

మూడోది లెన్సుల ధర. సోనీ 2011లోనే తన 'ఈ' మౌంట్ ప్రాథమిక వివరాలను ఇతర తయారీదార్లకు ఉచితంగా ఇచ్చింది. అందుకే సిగ్మా, టామ్రాన్ లెన్సులు దానికి విరివిగా దొరుకుతాయి. కానన్ ఆర్ఎఫ్ మౌంట్‌కు ఆ రెండు కంపెనీల ఆటోఫోకస్ లెన్సులు 2024లో గానీ రాలేదు, అవి కూడా చిన్న సెన్సార్ కెమెరాలకే మొదలయ్యాయి. కానీ కానన్‌కు మరో బలం ఉంది. పాత ఈఎఫ్ లెన్సులు అడాప్టర్‌తో కొత్త బాడీ మీద ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి. సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కునేవాడికి అది పెద్ద ఆసరా. కవ్వాల్ అడవిలో పక్షులు, జంతువులు తీయాలనుకునేవారికి దూరపు లెన్సులే అసలు ఖర్చు గనుక, వాళ్లు ముందు లెన్స్ ఎంచుకుని తర్వాత బాడీ చూడాలి.

ఇంత చెప్పి, అందరూ మారిపోవాలని నేను అనను. నాలుగు మంచి ఈఎఫ్ లెన్సులున్నవాడు వాటిని వచ్చిన కాడికి అమ్ముకొని కొత్త కంపెనీకి పోతే ఆల్బమ్‌లో పెళ్లికూతురి తల్లికి కనిపించే తేడా దాదాపు ఉండదు. అతను ఉన్నచోటే ఉండడం తెలివైన పనే. చేస్తున్న పనికి ఉన్న కెమెరా అడ్డం పడుతున్నప్పుడు, అంటే రాత్రి బరాత్‌లో ఫోకస్ అందకపోతేనో, వీడియో ఆర్డర్లు వదులుకోవాల్సి వస్తేనో మారాలి. షోరూమ్‌లో చూసి మనసు లాగినందుకు కాదు.

విధేయత తప్పకుండా ఉండాలి, కానీ అది పిలిచిన ఇంటికి చెందాలి. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం మళ్లీ రాదు. తీసిన ఫొటో రెండు చోట్ల భద్రమయ్యేలా రెండు కార్డుల స్లాట్లు, ఒక స్పేర్ బాడీ, నమ్మకమైన ఫ్లాష్, వీటి తర్వాతే బాడీ మీది పేరు.

1839 ఆగస్టు 19న ఫ్రాన్స్, డాగురే కనిపెట్టిన ఫొటో తీసే పద్ధతిని లోకానికి వెల్లడించింది. ఆ రోజును తెలంగాణలో ఊరూరా ఫొటోగ్రాఫర్ల సంఘాలు ఆయన పటానికి దండ వేసి జరుపుకుంటాయి. కోల్‌బెల్ట్ సంఘాలకు నా విన్నపం ఒకటే. ఈసారి దండ వేశాక అన్ని కంపెనీల బాడీలు, లెన్సులు ఒక బల్ల మీద పెట్టండి. కొత్తగా వచ్చే పిల్లలను వాటిని చేతపట్టి చూడనివ్వండి. ఎవరి దగ్గర ఏ మౌంట్ ఉందో, ఎవరు ఎవరికి లెన్స్ ఇవ్వగలరో రాసి పంచండి. ఏ యూట్యూబ్ వీడియో చెప్పలేని ఈ సంగతి మీకే తెలుసు. గనిలో చెమటోడ్చి తెచ్చిన డబ్బుతో కొనే పనిముట్టు గురించి ఆ పిల్లలకు మీరివ్వగల అసలైన వారంటీ అదే.