పరిచయం ఉన్నోడికే ప్రతిభ!

మన పేటలో బీకాం చదువుతున్న ఒక అమ్మాయి, కిందటి వేసవి సెలవుల్లో పదిహేను రోజులు విజయవాడలో ఒక ఆడిటర్ ఆఫీసులో పని నేర్చుకోవడానికి వెళ్లింది. దీన్నే ఇప్పుడు ఇంటర్న్‌షిప్ అంటున్నారు. పదిహేను రోజుల పని మీద సంపాదకీయం రాయాలా అని ఎవరికైనా అనిపించొచ్చు. రాయాలి. మన పిల్లల దారిలో కొత్త గోడ ఎక్కడ లేస్తోందో ఆ పదిహేను రోజుల్లోనే కనబడుతోంది.

సర్టిఫికెట్ తెస్తేనే మార్కులన్న కాలేజీ, ఆఫీసు మాత్రం "మీరే చూసుకోండి" అంది. ఆ పిల్ల ఆరు ఆఫీసుల మెట్లెక్కింది. ఆరు చోట్లా ఒకటే ప్రశ్న: "ఎవరు పంపారు?" ఎవరూ పంపలేదు, నేనే వచ్చానంటే ఖాళీ లేదన్నారు. చివరికి ఎస్సీ హాస్టల్లో చదివి బ్యాంకులో గుమాస్తా అయిన మనాయన ఒకాయన ఫోను చేస్తే ఏడో ఆఫీసులో రమ్మన్నారు. వేసవి కాబట్టి హాస్టల్ మూసేశారు. పెద్దమ్మ కూతురి గదిలో తలదాచుకుంది. తిండికీ ఖర్చులకీ వాళ్లమ్మ మిరపకాయల కోత కూలి డబ్బులు ఇచ్చి పంపింది.

ఆ ఆఫీసులో అప్పటికే ముగ్గురు పిల్లలున్నారు. ఒకడు ఆడిటర్ గారి తమ్ముడి కొడుకు. ఒకమ్మాయి రైసు మిల్లు ఓనరు కూతురు. ఇంకొకడు ప్లీడరు గారబ్బాయి. వాళ్లనెవరూ ఏమీ అడగలేదు. మన పిల్లని మాత్రం మొదటిరోజే అడిగారు: "మీదే ఊరమ్మా? ఊళ్లో ఎక్కడ? మీ నాన్న ఏం చేస్తాడు?" మూడు ప్రశ్నల్లో కులం తేలిపోయింది. ఆ ముగ్గురినీ మిల్లుకి స్టాకు లెక్క చూడటానికి కారులో తీసుకెళ్లారు. ఈ పిల్లకి జిరాక్సులు, పాత ఫైళ్లు సర్దే పని.

తొమ్మిదోరోజు ఒకడు రాకపోతే వోచర్ల కట్ట ఈమె ముందు పడేశారు. సాయంత్రానికల్లా ఒకే లారీ కిరాయి బిల్లు రెండుసార్లు ఖర్చు రాసినట్టు పట్టుకుంది. పెద్ద గుమాస్తా మళ్లీ చూశాడు, నిజమే. అప్పట్నుంచి బ్యాంకు స్టేట్‌మెంట్‌తో పుస్తకం సరిచూడటం, జీఎస్‌టీ లెక్క తీయడం చూపించారు. ఆ కొద్దిరోజుల్లో నేర్చుకున్నది రెండేళ్ల క్లాసుల్లో నేర్చుకోలేదని ఆ పిల్లే చెబుతోంది. ఆఖరిరోజు నలుగురికీ ఒకే రకం కాగితం ఇచ్చారు. మిగతా వాళ్లలో ఇద్దరికి, పరీక్ష పాసైతే ఇక్కడే ఆర్టికల్స్‌లో చేరండని ముందే చెప్పేశారు. ఈమెకి చెప్పింది: "అవసరమైతే కబురు చేస్తాం."

ఆమెను కులం పేరుతో ఎవరూ తిట్టలేదు. 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెట్టడానికి ఇక్కడ ఏమీ లేదు. అయినా పని జరిగిపోయింది. రేపు ఉద్యోగానికి పోతే "అనుభవం ఏది?" అంటారు. లేకపోతే ప్రతిభ లేదంటారు. ఆ అనుభవం ఇచ్చే చోటికి నోటిఫికేషన్ లేదు, పరీక్ష లేదు, రోస్టర్ లేదు. బంధుత్వమే అర్హత. మన రిజర్వేషన్ని చూసి ఏడ్చే పెద్దమనుషులు, తరతరాలుగా తాము అనుభవిస్తున్న ఈ రిజర్వేషన్ గురించి ఎప్పుడైనా నోరు విప్పారా?

ఇది ఒక్క పిల్ల కథ కాదనడానికి లెక్కలున్నాయి. సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ అనే పరిశోధకులు ప్రైవేటు ఉద్యోగాల ప్రకటనలకి ఒకే చదువున్న దరఖాస్తులు వేర్వేరు కులాల పేర్లతో పంపి చూశారు. 2007లో అచ్చయిన ఆ పరిశోధన ప్రకారం, దళిత పేరున్న దరఖాస్తుకి పిలుపొచ్చే అవకాశం అగ్రకుల పేరుతో పోలిస్తే మూడింట రెండు వంతుల దగ్గరే ఆగింది. ముస్లిం పేరుకి అది మూడో వంతే. అదే ఏడాది అచ్చయిన మరో పరిశోధన కోసం సురీందర్ జోధ్కా, కేథరీన్ న్యూమన్ పెద్ద కంపెనీల మేనేజర్లతో మాట్లాడారు. ప్రతిభే చూస్తామన్న వాళ్లే "కుటుంబ నేపథ్యం" కూడా చూస్తామన్నారు. "మీ నాన్న ఏం చేస్తాడు" అన్న ప్రశ్నకి ఇంగ్లీషు పేరు అదన్నమాట!

బాబాసాహెబ్‌కీ ఈ గోడ తగిలింది. 1917లో బరోడా ఉద్యోగం వదిలి బొంబాయి వచ్చాక ఆయన వాటాల వ్యాపారులకి సలహాలిచ్చే ఆఫీసు పెట్టారు. కొలంబియాలో అర్థశాస్త్రం చదివొచ్చిన మనిషి. అంటరానివాడని తెలియగానే ఖాతాదారులు రావడం మానేశారు. 1923లో బొంబాయి హైకోర్టులో ప్రాక్టీసు మొదలుపెడితే కేసులు దొరకడమే కష్టమైంది. ఇల్లు గడవడానికి బాట్లీబాయ్ అకౌంటెన్సీ సంస్థలో వ్యాపార చట్టం పాఠాలు చెప్పారు. లెక్కలు రాసేవాళ్లకి చట్టం నేర్పినవాడి బిడ్డలకి, ఇవాళ లెక్కల ఆఫీసులో కుర్చీ దొరకదా?

చట్టం సంగతి చూడండి. 1961 అప్రెంటిస్‌ల చట్టం ప్రైవేటు కార్ఖానాకీ వర్తిస్తుంది. ఫిట్టరు, టర్నరు లాంటి పనుల్లో ఎస్సీ, ఎస్టీలకి శిక్షణ సీట్లు కేటాయించమంటుంది. అంటే లేతు మిషను దగ్గర మనకి వాటా ఉంది. ఆడిటర్ టేబుల్ దగ్గర, లాయరు ఆఫీసులో లేదు. సీఏ కావాలంటే ఒక ఆడిటర్ కింద ఆర్టికల్స్ చేయాల్సిందే, 2023 నుంచి వచ్చిన కొత్త పద్ధతిలో రెండేళ్లు. లా చదివేవాళ్లకి బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం మూడేళ్ల కోర్సులో 12 వారాలు, అయిదేళ్ల కోర్సులో 20 వారాలు ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. తప్పనిసరి అన్నవాళ్లు దాన్ని ఇప్పించే బాధ్యత మాత్రం తీసుకోలేదు. ఆ బరువు కూలి తల్లుల మీద వేశారు.

అందుకే అడుగుతున్నాం. ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేసిన ప్రతి కాలేజీ, సీటు కూడా తానే చూపించాలి. ఆ రోజులకి స్టైపెండు ఇవ్వాలి. వేసవిలో పట్నాల్లోని సంక్షేమ హాస్టళ్లు ఈ పిల్లల కోసం తెరిచి ఉంచాలి. ప్రభుత్వ కంపెనీలకి ఆడిటర్లను నియమించేది కాగ్. ప్రజల సొమ్ము ఫీజుగా తీసుకునే ఆఫీసులు తమ శిక్షణ సీట్లను బహిరంగంగా ప్రకటించాలి, అందులో మన వాటా మనకివ్వాలి. ఇది బిచ్చం కాదు.

ఇక మనోళ్లకి ఒక మాట. ఆ పిల్లకి ఏడో తలుపు తీయించింది చట్టం కాదు, ఒక దళిత గుమాస్తా ఫోను. రిజర్వేషన్‌తో బ్యాంకుల్లో, కోర్టుల్లో, ట్రెజరీల్లో కుదురుకున్న అన్నలారా, అక్కలారా! కాలనీలో ఇల్లు కట్టుకుని పేట దారి మర్చిపోయారు కొందరు. మీరు తలా ఒక పిల్లకి ఒక ఫోను చేయండి, పదిహేను రోజులు ఒక గది ఇవ్వండి. కార్యకర్తలు మండలం వారీగా మన ఆడిటర్లు, ప్లీడర్లు, ఉద్యోగుల పట్టీ తయారుచేయాలి. వచ్చే వేసవికి ఏ పేట నుంచి ఎవరు వెళ్లాలో సంక్రాంతికే తేల్చుకోవాలి. మాల, మాదిగ అని అక్కడ కూడా గీతలు గీయొద్దు.

ఆ అమ్మాయి మళ్లీ వెళతానంటోంది. ఈసారి ఆమె ఒక్కతే వెళ్లకూడదు.

జై భీం!