గింజ పట్టు... రైతు గుట్టు!

నాగర్‌కర్నూలు మడుల్లో వరి పండిందంటే రైతు రెండింటికోసమే చూస్తాడు... ఒకటి మబ్బు, రెండోది కోత మిషన్‌. కోత ఆలస్యమై గాలివాన వచ్చిందా, గింజ నేలపాలే. నాలుగు నెలల కష్టాన్ని కంకికి పట్టి ఉంచేది గింజ మొదట్లో కంటికి కనిపించని కణాల వరుస.

మునుల ఆహారమని చెప్పే నివ్వరి ఉంది కదా, ఆ అడవి వరిలో గింజ పండగానే ఒక్కొక్కటిగా రాలిపోతుంది. గింజకూ కాడకూ మధ్య పలుచటి గోడలున్న చిన్న కణాల పొర అడ్డంగా ఏర్పడుతుంది. గింజ ముదరగానే ఆ కణాలు ఒకదాన్నొకటి వదిలేస్తాయి. అడవి మొక్కకు అది నష్టం కాదు, రాలితేనే మళ్లీ మొలిచేది.

నష్టమల్లా మనిషికే. తొలినాటి రైతులు కోసి ఇంటికి తెచ్చిన కంకుల్లో ఎక్కువగా మిగిలినవి రాలని గింజలే. మళ్లీ విత్తిందీ వాటినే. అలా వేల ఏళ్లు గడిచేసరికి సాగు వరిలో ఆ పొర అరకొరగా మిగిలింది, కొన్ని రకాల్లో అసలే లేకుండా పోయింది. దీని వెనకున్న రెండు జన్యువులను 2006లో అమెరికా, జపాన్‌ శాస్త్రవేత్తలు వేర్వేరుగా గుర్తించారు. రెండింట్లోనూ మార్పు చాలా చిన్నది. అలాగని గింజ మరీ గట్టిగా పట్టుకున్నా చిక్కే, నూర్పిడికి లొంగదు.

వనపర్తి పల్లి చేలల్లో ఇదే కథ నేల కింద నడుస్తుంది. కాయను మొక్కకు కట్టి ఉంచేది ఊడ. అడవి పల్లి జాతుల్లో అది ఇట్టే తెగి, కాయలు మట్టిలోనే ఉండిపోతాయి. సాగు పల్లిలో ఊడ గట్టిదే కానీ, అదను దాటితే దానికీ పట్టు సడలుతుంది. మొక్క పీకితే చేతికొచ్చేది సగమే, మిగతాది తవ్వి ఏరాలంటే కూలి ఖర్చు. అందుకే అనుభవమున్న రైతు నాలుగు కాయలు ఒలిచి, పెంకు లోపల నల్లబడిందా అని చూసుకున్నాకే పీకుడు మొదలుపెడతాడు.

కృష్ణా తుంగభద్రల మధ్య నడిగడ్డకు వెళ్తే లెక్క తిరగబడుతుంది. పత్తి విత్తనోత్పత్తికి పేరున్న గద్వాలలో కాయ పగలాల్సిందే! కాయలోని అరల అతుకుల వెంట కణజాలం ఎండి విడిపోతేనే దూది బయటపడేది. అయితే పగిలిన కాయలోంచి పత్తి జారి మట్టిలో పడకూడదు. ఏరేవాళ్లు వచ్చేదాకా అరల్లోనే నిలవాలి.

ఎప్పుడు వదలాలో అడవిలో మొక్కే చూసుకుంటుంది. చేలో ఆ లెక్క రైతుది. వరి కంకిలో ఎనభై శాతానికి పైగా గింజలు బంగారు రంగుకు తిరిగితే కోతకు వేళయినట్టే. ఆ తర్వాత ఎన్ని రోజులు ఆగితే అంత పంట నేలకు వదులుకున్నట్టే.