మొక్కు లేని నడక

సెలవులకు విశాఖ వచ్చే చుట్టాల దగ్గర జాబితా ముందే సిద్ధంగా ఉంటుంది. కైలాసగిరి, సబ్‌మెరైన్ మ్యూజియం, రుషికొండ, ఇంకా ఓపికుంటే భీమిలి దాకా కారు షికారు. ఆ దారిలో ఎడమచేతి వైపు తొట్లకొండ కనిపించగానే అడిగే మొదటి మాట, ‘‘పైదాకా బండి వెళ్తుందా?’’ అని. వెళ్తుంది. అదే వచ్చిన తంటా. ఎక్కడం బండిలో, పైన నాలుగు ఫొటోలు, దిగడం బండిలో. కొండ అయిపోయింది, తర్వాతేమిటి?

కొండ మీది స్తూపం దగ్గర బయల్దేరి, కింద సముద్రపు ఒడ్డునున్న మంగమారిపేట ఇసుకలో కాలు పెట్టేదాకా నడిచి దిగొచ్చని ఎవరికీ తోచదు. తీరిగ్గా దిగినా గంట పట్టదు. ఈ తీరంలో దీనికి సాటి వచ్చే నడక నాకైతే తెలియదు. అయినా ఏ జాబితాలోనూ దీనికి చోటు లేదు. నా గోడంతా దాని గురించే.

నడక మనకు చేతకాక కాదు. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి తిరుమల చేరతాం. ఆషాఢంలో సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్లు రాత్రంతా నడిచి, మధ్యలో జోడుగుళ్లపాలెం దగ్గర సముద్ర స్నానం కూడా చేస్తాం. కాకపోతే మనకు మొక్కుండాలి. మొక్కు లేకపోతే డాక్టరు చీటీ అయినా ఉండాలి. రెండూ లేకుండా నడిచేవాణ్ణి చూస్తే మనవాళ్లకు జాలి. తొట్లకొండ మలుపులో నన్ను చూసి ఆటో ఆపిన కుర్రాడు, ‘‘బండి పాడైపోనాదేటి బాబూ?’’ అన్నాడు. లేదు, కావాలనే నడుస్తున్నానంటే నమ్మలేదు. డబ్బులు అక్కర్లేదు, ఎక్కమన్నాడు.

ఇంతకీ పైన ఏముంది? సముద్రమట్టానికి సుమారు 128 మీటర్ల ఎత్తున, రెండు వేల ఏళ్ల కిందటి బౌద్ధ విహారం ఉంది. మహాస్తూపం, చైత్యగృహాలు, భిక్షువులుండే గదుల వరసలు, భోజనశాల, వాననీరు పట్టుకోవడానికి బండలో తొలిచిన తొట్లు, రాళ్లు పరిచిన కాలిబాటలు. ఆ చివరిది ఒక్కసారి గుర్తుపెట్టుకోండి. భిక్షువులు దారులకు రాళ్లు పరుచుకున్నారు. దిగేదారికి మనం ఒక బాణం గుర్తు కూడా వేసుకోలేకపోయాం.

ఇక్కడ ఇంత ఉందని లోకానికి తెలిసింది కూడా నడిచి కాదు. 1976లో నౌకాదళం విమానంలోంచి సర్వే చేస్తుంటే బయటపడింది. మేకల కాపరులకు అంతకు ముందే తెలిసి ఉంటుంది, వాళ్లనెవరడిగారు గనక! 1988లో తవ్వకాలు మొదలయ్యాక శాతవాహనుల సీసపు నాణేలు, రోమన్ వెండి నాణేలు దొరికాయి. రోము వెండి ఈ కొండకెలా వచ్చిందన్న ప్రశ్నకు జవాబు కొండవాలు కింద కనిపిస్తున్న నీళ్లలోనే ఉంది. సముద్ర వ్యాపారం, విహారం ఒకదాన్నొకటి ఆసరా చేసుకుని బతికిన కాలమది. కారులో వచ్చినవాడికి కొండ ఒక స్పాటు, బీచి ఇంకో స్పాటు. దిగేవాడికి మాత్రం అడుగడుగుకూ ఆ రెండూ దగ్గరవుతాయి.

నా మాట కాదంటే పరిశోధకుల సంగతే చూడండి. లార్స్ ఫోగెలిన్ అనే అమెరికన్ పురావస్తు శాస్త్రవేత్త విహారంతో సరిపెట్టుకోకుండా, చుట్టుపక్కల నేలనంతా కాలినడకన సర్వే చేసి, 2006లో పుస్తకం వేశాడు. వాలుల మీద రాళ్లు పేర్చిన గుట్టలనూ, కింద జనం బతికిన ఆనవాళ్లనూ లెక్కలోకి తీసుకున్నాడు. కొండమీద భిక్షువులకూ కింది మనుషులకూ ఉన్న సంబంధమే అతని ప్రశ్న. ఎక్కడి దేశం నుంచో వచ్చినవాడికి ఈ వాలు అంత ముఖ్యమైంది. మనకది రెండో గేరులో దాటిపోయే ఘాట్ రోడ్డు.

దిగడానికి సాయంత్రం పూటే మేలు. సూర్యోదయం బాగుంటుందని అందరూ పొద్దున్నే రమ్మంటారు, వినకండి. సముద్రం వైపు వాలు తూర్పు ముఖం గనక పొద్దున దిగితే ఎండ కళ్లలోనే కొడుతుంది. నాలుగు దాటాక కొండే మీకు నీడనిస్తుంది. నీళ్లు మాత్రం ఇంకా ఎండలో మెరుస్తూనే ఉంటాయి. కొంతదూరం మోటారు దారి అంచునే నడవాలి. ఎర్రమట్టి, పొదలు, ఈతచెట్లు. పైన గాలి మాత్రమే వినిపిస్తుంది, రెండు మలుపులు దిగేసరికి అలల హోరు అందుకుంటుంది, ఆ తర్వాత బీచ్ రోడ్డు హారన్లు రెంటినీ మింగేస్తాయి.

రోడ్డు దాటితే మంగమారిపేట. పడవలు, ఆరేసిన వలలు, వల బాగుచేసుకుంటూ తలెత్తి చూసే పెద్దాయన. ఆటు వేళకు వెళ్తే, అలల దెబ్బకు నడిమధ్య తొలుచుకుపోయి కమానులా నిలిచిన సహజ శిలాతోరణం కనిపిస్తుంది. తిరుమల శిలాతోరణానికి కంచె ఉంది, బోర్డుంది, చూడ్డానికి జనం ఉన్నారు. దీనికి సముద్రమొక్కటే దిక్కు. పోటు వేళ అయితే దగ్గరికి పోవద్దు, నాచు మీద కాలు నిలవదు.

విశాఖలో కొండలంటే ఎవరికీ పట్టదని అనను. కైలాసగిరికి రోప్‌వే వచ్చింది, బొమ్మరైలు వచ్చింది, గాజు వంతెన కూడా వచ్చింది. రానివ్వండి, పిల్లలు సరదా పడతారు. నా ఏడుపల్లా, కాళ్లకు పని చెప్పకుండా చేసే ప్రతిదానికీ డబ్బు దొరుకుతుంది, కాళ్లకు పని చెప్పేదానికి మాత్రం సున్నం గీత కూడా దొరకదు. తొట్లకొండ నలుగురి నోళ్లలో పడిందెప్పుడు? 2019 అక్టోబరు వానలకు మహాస్తూపం ఒక పక్క కూలినప్పుడు. కూలితే తప్ప వార్త కాదు. నిలబడి ఉన్నదాన్ని రోజూ నలుగురు నడుస్తూ చూస్తుంటే, బీట కనబడ్డ రోజునే ఎవరో ఒకరు చెప్పి ఉండేవారేమో.

ఈ నడకదారికి కోట్లు అక్కర్లేదు. కాంక్రీటు మెట్లు, రంగుదీపాలు అసలే వద్దు, అవి పెడితే ఉన్నదీ పోతుంది. వానలయ్యాక ఏటా పొదలు కొట్టించండి. మోటారు దారి పక్కన మనిషి నడిచేంత మేర వదలండి. పైన గేటు దగ్గర ఒక బోర్డు మీద దిగే దారి, ఆ రోజు ఆటు ఎన్ని గంటలకో రాయండి. అది మంగమారిపేట మత్స్యకారుల చేతే రాయించండి, అంతకంటే బాగా చెప్పేవాళ్లు లేరు. ఇక బీచ్ రోడ్డు దాటేచోట జీబ్రా గీతలు గీసి, బళ్లు అక్కడ నెమ్మదించేలా చూడండి. కొండంతా క్షేమంగా దిగినవాడు ఆ నాలుగు వరసల రోడ్డు దగ్గర ప్రాణాలు అరచేత పట్టుకుని నిలబడాల్సి వస్తోంది.