ఆట ముగియక ముందే తీర్పు

రాబోవు దానిని ముందుగా తెలిసికోవాలనే కోరిక మానవునికి సహజమైనది. రైతు మబ్బును చూచి వానను ఊహిస్తాడు. విద్యార్థి పాత ప్రశ్నపత్రాలను చూచి కొత్త ప్రశ్నలను ఊహిస్తాడు. ఇందులో దోషం లేదు. కాని ఊహ ఎంతవరకు వినోదం, ఎక్కడ అది అన్యాయానికి దారితీస్తుంది అనేది ఆలోచింపదగిన విషయం. అమెరికా కళాశాలల ఫుట్‌బాల్ క్రీడ ఇందుకు చక్కని ఉదాహరణ.

అక్కడి ఫుట్‌బాల్ మనం ఆడే ఫుట్‌బాల్ కాదు. బంతి కోలగా ఉంటుంది. దానిని చేతబట్టి పరుగెత్తుతారు, విసురుతారు. బంతిని విసరుతూ ఆటను నడిపించే క్రీడాకారుని క్వార్టర్‌బాక్ అంటారు. జట్టుకు అతడే సారథి. ఆగస్టు చివర మొదలైన పోటీలు డిసెంబరు ఆరంభానికి ఒక కొలిక్కి వస్తాయి. ఆ పిమ్మట 'బౌల్' పోటీలు జరుగుతాయి. గిన్నె ఆకారం గల క్రీడామైదానాలను బట్టి వచ్చిన పేరిది. నేడు రోజ్ బౌల్‌గా ప్రసిద్ధమైన పోటీ 1902 జనవరి 1న కాలిఫోర్నియాలోని పాసడేనాలో తొలిసారి జరిగినది. మిషిగన్ జట్టు 49–0 తేడాతో స్టాన్‌ఫర్డ్‌ను ఓడించినది. నేడు ఇట్టి పోటీలు సుమారు నలభై ఉన్నవి.

ఏ బౌల్‌లో ఎవరితో ఎవరు తలపడతారో సీజను సగంలో ఉండగానే పత్రికలు, టెలివిజన్ వ్యాఖ్యాతలు పట్టికలు ప్రకటిస్తారు. సాధారణంగా పన్నెండు ఆటలలో ఆరు గెలిచిన జట్టుకు అర్హత లభిస్తుంది. జట్లు కాన్ఫరెన్సులనే కూటములుగా ఏర్పడి ఉంటాయి. ఏ కాన్ఫరెన్సు జట్టు ఏ బౌల్‌కు వెళ్లాలో చాలావరకు ముందే ఒప్పందాలుంటాయి. గెలిచిన ఆటలను, మిగిలిన ప్రత్యర్థుల బలాన్ని, ఈ ఒప్పందాలను కలిపి లెక్క కట్టడం బుద్ధికి మంచి వ్యాయామమే. ప్రేక్షకుడు ఆ వ్యాయామం చేస్తే ఎవరికీ నష్టం లేదు.

ఆ లెక్కలు ఎంత సులువుగా తలక్రిందులవుతాయో 2007 నిరూపించినది. ఆనాడు మొదటి రెండు స్థానాలలో నిలిచిన జట్లే జాతీయ పతకానికి పోటీపడేవి. డిసెంబరు 1 ఉదయానికి మిస్సోరి మొదటిది, వెస్ట్ వర్జీనియా రెండవది. ఆ రాత్రికి రెండూ ఓడిపోయినవి. వెస్ట్ వర్జీనియాను 13–9తో ఓడించిన పిట్స్‌బర్గ్ అంతవరకు గెలిచినవి నాలుగే ఆటలు. ఏడవ స్థానంలో ఉన్న లూసియానా స్టేట్ జట్టు రెండవ స్థానానికి ఎగబ్రాకి, 2008 జనవరిలో ఒహాయో స్టేట్‌పై 38–24తో గెలిచి జాతీయ విజేత అయినది. జోస్యకారులు నవ్వి ఊరుకున్నారు. పొరపాటు పడినది ప్రేక్షకుడు కనుక ఏ జట్టుకూ అన్యాయం జరగలేదు.

జోస్యం న్యాయనిర్ణేత చేతిలోకి వెళ్లినప్పుడే ప్రమాదం. 2014 నుండి పదముగ్గురు సభ్యుల కమిటీ నాలుగు జట్లను ఎంపిక చేయసాగినది. ఆటగాళ్లు అందుబాటులో లేకపోవడం వలన ముందుముందు జట్టు ఎట్లా ఆడగలదో కూడా చూడవచ్చునని ఆ కమిటీ నియమావళిలోనే ఉన్నది. దోషం అక్కడే ఉన్నదని నా అభిప్రాయం.

2023లో ఫ్లారిడా స్టేట్ జట్టు పదమూడు ఆటలాడి పదమూడూ గెలిచినది. నవంబరు 18న దాని క్వార్టర్‌బాక్ జోర్డన్ ట్రావిస్ కాలికి తీవ్రమైన గాయమైనది. అయినను జట్టు తక్కిన ఆటలు కూడా గెలిచి, తన కాన్ఫరెన్సు విజేతగా నిలిచినది. మరునాడు, డిసెంబరు 3న, కమిటీ దానిని అయిదవ స్థానంలో ఉంచి, ఒక్కొక్క ఆట ఓడిన టెక్సస్, అలబామా జట్లను ఎంపిక చేసినది. సారథి లేని జట్టు ఇకపై గెలవలేదని ఊహించినది. ఆడిన ఆటల కంటే ఆడని ఆటకే ఎక్కువ విలువ దక్కినది.

ఆ తరువాత ఆరెంజ్ బౌల్‌లో ఆ జట్టు జార్జియా చేతిలో 63–3తో ఓడినది గదా, కమిటీ ఊహ నిజమే కదా అని కొందరంటారు. ఆ రోజున ఇరవై మందికి పైగా ఆటగాళ్లు బరిలోకి దిగలేదు. ఆశ తెగిన జట్టు ఓటమి, ఆశ ఉన్న జట్టు సామర్థ్యానికి కొలబద్ద కాదు. పైగా 2014లో ఒహాయో స్టేట్ జట్టు ఇద్దరు క్వార్టర్‌బాకులను గాయాల వలన కోల్పోయినది. మూడవవాడైన కార్డేల్ జోన్స్ సారథ్యంలో విస్కాన్సిన్‌ను 59–0తో ఓడించి నాలుగవ స్థానం పొంది, అలబామాను, పిమ్మట ఆరెగాన్‌ను జయించి జాతీయ విజేత అయినది. మూడవవానికి అవకాశమిచ్చి చూచిన కమిటీయే తొమ్మిదేండ్ల తరువాత అట్టి అవకాశాన్ని మరొకరికి నిరాకరించినది.

2024 నుండి పన్నెండు జట్లకు అవకాశమిస్తున్నారు. ఆ మొదటి ఏడాది తన చివరి సాధారణ ఆటలో మిషిగన్ చేతిలో ఓడిన ఒహాయో స్టేట్, ఎనిమిదవ జట్టుగా ప్రవేశించి 2025 జనవరి 20న నోట్రడామ్‌ను 34–23తో ఓడించినది. తలుపు వెడల్పు చేస్తే న్యాయం కొంత సులభమవుతుంది. కాని పన్నెండవ, పదమూడవ జట్ల నడుమ గీత గీసేటప్పుడు ఆ పాత ప్రశ్న మళ్లీ ఎదురవుతుంది.

ఈ దూరదేశపు కథను ఇక్కడ ఎందుకు చెప్పవలసివచ్చినది? మేము ఉపాధ్యాయులం కూడా జోస్యకారులమే. అర్ధసంవత్సర పరీక్ష కాకముందే "వీడు ఫస్టు క్లాసు, వీడు తప్పుతాడు" అని స్టాఫ్ రూములో పట్టిక వేస్తాం. నేనూ వేశాను. ఒక ఏడాది వక్తృత్వ పోటీకి పేర్లు పంపుతూ, కళాశాల పోటీలో మొదట నిలిచిన విద్యార్థిని పక్కన పెట్టాను. అతడు పెద్ద సభలో తడబడతాడని నా ఊహ. తడబడేవాడో లేదో నాకు ఈనాటికీ తెలియదు. తెలిసికొనే అవకాశాన్ని నేనే తీసివేశాను. ఎందుకని అతడు నన్ను అడగలేదు. ఆ మౌనం ఇంకా బాధిస్తూనే ఉన్నది.

మన కళాశాలలో కొందరు న్యాయమంటారు, కొందరు ఇన్సాఫ్ అంటారు. భావం ఒకటే. కమిటీ పెద్దలకు నా మనవి: జట్టును గాని, వక్తను గాని, ఉపకారవేతనానికి అర్హుని గాని ఎంపిక చేసేటప్పుడు, అతడు చేసి చూపినదానినే లెక్కించండి. విద్యార్థులారా, ఎవరైనా మీ భవిష్యత్తును ముందే పట్టికలో వ్రాసి ఉంచితే నిరాశ చెందకండి. మిగిలిన ఆటను పూర్తిగా ఆడండి.